ఎందుకు ఆపారో చెప్పాలి

హైదరాబాద్‌లో పొద్దున తొమ్మిదింటికి ఏ పెద్ద రోడ్డు మీదైనా కాసేపు నిలబడండి. హెల్మెట్ మోచేతికి తగిలించుకుని వచ్చే బండ్లు కనిపిస్తాయి. చౌరస్తా ఇంకో వంద గజాలు ఉందనగా ఆ హెల్మెట్ తల మీదికి ఎక్కుతుంది. చౌరస్తా దాటగానే మళ్లీ మోచేతికో, పెట్రోల్ ట్యాంకు మీదికో దిగుతుంది. డబ్బు పెట్టి కొన్నారు, రోజూ వెంట మోసుకెళ్తున్నారు, తల మీద పెట్టుకోవడం మాత్రం ట్రాఫిక్ పోలీసు కనిపించినంత మేరకే.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 50,029 మంది హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్తూ పోయినవాళ్లు. ఈ సంఖ్య తెలిసినవాళ్లెవరూ రోడ్డు మీద చెకింగ్ వద్దని అనరు. నేనూ అనను. ఇప్పుడు జరుగుతున్నదానికంటే ఎక్కువ జరగాలనే కోరుకుంటాను. కానీ ఇన్నేళ్లుగా ఇంత ఆపి, ఇన్ని చలాన్లు రాసి, ఇంత డబ్బు వసూలు చేశాక కూడా చట్టం చౌరస్తా దగ్గర మొదలై చౌరస్తా దగ్గరే ఎందుకు అయిపోతోంది? జరిమానా తక్కువ కాబట్టి అని చాలామంది అంటారు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టం హెల్మెట్ లేకపోతే జరిమానాను వెయ్యి రూపాయలు చేసింది. తెలంగాణ ఆ పెంపును అమలు చేయలేదు. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో జరిమానాలు పెంచింది. అయినా విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడి చూసినా మోచేతి హెల్మెట్లే కనిపిస్తాయి.

నా అభిప్రాయంలో అసలు చిక్కు ఆపే తీరులో ఉంది. బండి పక్కకు పెట్టించిన మనిషి మనసులో మొదట మెదిలేవి రెండే ప్రశ్నలు. నన్నే ఎందుకు ఆపారు? నా ముందు వెళ్లినవాడిని ఎందుకు వదిలేశారు? వీటికి జవాబు దొరికితే జరిమానా కట్టి, తిట్టుకున్నా సరే, తప్పు ఒప్పుకుని వెళ్తాడు. దొరక్కపోతే ఆ రోజు నుంచి అతని దృష్టిలో అది పోలీసుల వసూలు. పోలీసు లేనిచోట ఆ రూల్‌తో తనకు పనిలేదు.

ఈ మాటకు రుజువు మన ఊళ్లోనే ఉంది. శుక్ర, శనివారాల రాత్రి జరిగే డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీ చూడండి. రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు పెడతారు. వచ్చిన ప్రతి బండినీ ఆ సన్నటి దారిలోంచే పంపుతారు. స్కూటర్ అయినా, ఆటో అయినా, అరవై లక్షల కారు అయినా అద్దం దించి బ్రీత్ ఎనలైజర్‌లో ఊదాల్సిందే. హద్దు ఎంతో చట్టంలో రాసి ఉంది: మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఎంత వచ్చిందో మిషన్ తెర మీద నీకూ కనిపిస్తుంది, పోలీసుకూ కనిపిస్తుంది. కెమెరాలో రికార్డవుతుంది. దొరికితే కౌన్సెలింగ్‌కి గోషామహల్ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లాలి, ఆ తర్వాత కోర్టు. ఇది చిన్న శిక్షేమీ కాదు. భార్య పక్కన, తండ్రి పక్కన కూర్చుని ప్రమాదాల వీడియోలు చూడటం ఎంత తలవంపో అనుభవించినవాళ్లకే తెలుసు. అయినా మా బంధువుల్లో, ఆఫీసులో అలా దొరికినవాళ్లెవరూ "నన్ను అన్యాయంగా పట్టుకున్నారు" అనడం నేను వినలేదు. "తాగాను, దొరికాను" అంటారు. మామూలు ట్రాఫిక్ కేసులకంటే ఎన్నో రెట్లు కఠినమైన ఈ తనిఖీ మీదే జనానికి ఫిర్యాదు తక్కువ. అందరినీ ఆపుతున్నారు, ఎందుకు ఆపుతున్నారో ముందే తెలుసు, తప్పు చేశాడో లేదో తేల్చేది మనిషి చూపు కాకుండా మిషన్ అంకె. ఈ మూడూ ఉంటే మనవాళ్లు ఎంత కఠినమైన రూల్‌నైనా ఒప్పుకుంటారు.

అక్కడ కూడా ఒక లోపం ఉండేది. తాగి దొరికినవాడి బండిని లాక్కుని, రోజుల తరబడి స్టేషన్ దగ్గర పెట్టేవారు. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు దీన్ని తప్పుపట్టింది. నడిపినవాడు తాగి ఉన్నాడన్న ఒక్క కారణంతో బండిని పట్టి ఉంచే అధికారం పోలీసులకు లేదనీ, పక్కన తాగని, లైసెన్స్ ఉన్న మనిషి ఉంటే అతనికి బండి ఇవ్వాలనీ, లేకపోతే దగ్గరివాళ్లను పిలిపించాలనీ, ఎవరూ రాకపోతేనే స్టేషన్‌కు చేర్చి, తర్వాత తిరిగి ఇచ్చేయాలనీ చెప్పింది. ఆ తీర్పు వల్ల తాగి నడిపేవాళ్లకు వచ్చిన వెసులుబాటు ఏమీ లేదు. కేసు కేసే. చట్టంలో లేని శిక్ష మాత్రం ఆగింది. ఈ రెండిటికీ తేడా తెలిసిన తనిఖీనే జనం నమ్ముతారు.

ఇప్పుడు పగటి చెకింగ్‌కి రండి. ఫ్లైఓవర్ దిగే చోటో, మలుపు తిరగ్గానే చెట్టు నీడలోనో నలుగురు నిలబడి ఉంటారు. వందల బండ్లు వెళ్తుంటే ఒకరు చెయ్యి చాచి ఒక బండి ఆపుతారు. ఏ లెక్కన ఆపారో బయటికి తెలియదు. తెలిసేదల్లా ఆగినవాటిలో ఎక్కువ భాగం టూవీలర్లే అని. అందులోనూ పాత బండ్లు, వెనక డెలివరీ బ్యాగు ఉన్నవి, తలకు రుమాలు కట్టుకున్న కూలీలవి, కాలేజీ పిల్లలవి. కారును చేతి సైగతో ఆపడం కష్టం, లోపల ఎవరున్నారో తెలియదు, ఎవరికి ఫోన్ చేస్తారో తెలియదు. బండి మీదివాడు చేతికి అందుతాడు.

ఒకసారి నాన్నను కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇద్దరికీ హెల్మెట్లు ఉన్నాయి. సిగ్నల్ దాటాక ఒక కుర్ర కానిస్టేబుల్ రోడ్డు మధ్యకు వచ్చి, "ఏయ్, పక్కకు పెట్టు" అంటూనే చెయ్యి పెట్టి తాళం తీసేసుకున్నాడు. ఎందుకన్నా అంటే పలకలేదు. తాళం పట్టుకుని ఇంకో బండి ఆపడానికి వెళ్లిపోయాడు. నాన్న గవర్నమెంట్ స్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, డెబ్బై దాటాయి. ఎండలో బండి పట్టుకుని నిలబడ్డారు. మా పక్కనుంచి అద్దాలకు నల్ల ఫిల్మ్ ఉన్న కారు వెళ్లింది. 2012లోనే సుప్రీంకోర్టు నిషేధించిన ఫిల్మ్ అది. అదే కానిస్టేబుల్ దానికి దారి ఇచ్చాడు. చాలాసేపటికి ఎస్ఐ గారు వచ్చారు, ఫోన్‌లో ఆర్సీ, ఇన్సూరెన్స్, లైసెన్స్ చూశారు, అన్నీ సరిగ్గా ఉన్నాయి, "సరే, వెళ్లండి" అన్నారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. కానీ ఎందుకు ఆపారో ఆయనా చెప్పలేదు.

దారిలో నాన్న అన్నారు: "తప్పుంటే రాయమను, కడదాం. తప్పేంటో చెప్పకుండా ఇంతసేపు నిలబెట్టడమేంట్రా?"

ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు ఎడమవైపు నడవండి, రూల్ పాటించండి అని చెప్పిన మనిషి ఆయన. ఇప్పుడు అన్ని కాగితాలూ ఉన్నా, హెల్మెట్ నెత్తిన ఉన్నా, దూరంగా చెకింగ్ కనిపిస్తే "ఆ సందులోంచి పోదాం" అంటారు. ఈ ఒక్క వాక్యం నన్ను ఇన్నాళ్లూ వదల్లేదు. రూల్ పాటించే మనిషి పోలీసును చూసి పక్కకు తప్పుకుంటున్నాడంటే ఆ చెకింగ్ వల్ల ఎవరికి లాభం జరిగినట్టు?

చట్టం ఏం చెబుతోందో చూస్తే ఆ రోజు జరిగినదాంట్లో సగానికి ఆధారం లేదు. మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్స్ చూపించాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 139వది మిగతా కాగితాల గురించి చెబుతుంది. ఆ సమయానికి దగ్గర లేకపోతే 15 రోజుల్లోపు పంపే వీలు కూడా అందులోనే ఉంది. 2018 నవంబరు నుంచి ఫోన్‌లో డిజిలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో చూపించినా చెల్లుతుంది. బండిని పట్టి ఉంచే అధికారం 207వ సెక్షన్‌లో ఉంది. లైసెన్స్ లేకుండా, వయసు చాలకుండా, రిజిస్ట్రేషన్ లేకుండా, పర్మిట్ లేకుండా నడిపినప్పుడు అది వర్తిస్తుంది. ఆ సెక్షన్‌లో హెల్మెట్ మాట లేదు. పాత చలాన్ల మాట లేదు. మాట్లాడకముందే తాళం లాక్కోమని చట్టం మొత్తంలో ఎక్కడా లేదు. నడుస్తున్న బండి తాళం తీయబోతే పడి దెబ్బలు తగిలే ప్రమాదం వేరే. పోలీసుల వైపు నుంచి దీనికి కారణం నేను విన్నాను: తాళం తీయకపోతే పారిపోతారు. నిజమే, కొందరు పారిపోతారు. నంబరు ప్లేటు ఫోటో చేతిలో ఉన్నప్పుడు పారిపోయినవాడికి నోటీసు పంపొచ్చు. నలుగురు పారిపోతారని అందరి తాళాలూ లాగితే ఆగినవాళ్లందరినీ ముందే దొంగల కింద లెక్క కట్టినట్టు అవుతుంది.

తాళంతో మొదలైన చెయ్యి జేబు దాకా వెళ్తుంది కూడా. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీల పేరుతో రోడ్డు మీద బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో మెసేజీలు వెతుకుతున్న వీడియోలు బయటికి వచ్చాయి. అదే ఏడాది మే నెలలో, లాక్‌డౌన్ సమయంలో, ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పాతబస్తీలో స్కూటర్ మీద వెళ్తుంటే ఆపి, మాస్క్ తీయమని ఫోటో తీశారు. ఎందుకని అడిగితే జవాబు లేదు. ఆయన హైకోర్టుకు వెళ్లారు. ముఖం గుర్తుపట్టే టెక్నాలజీని పోలీసులు వాడటం మీద వేసిన ఆ పిటిషన్‌పై 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఆ రోజు అక్కడ "ఇందుకోసం తీస్తున్నాం" అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన ఒప్పుకునేవారో లేదో నాకు తెలియదు. కానీ అడిగినా చెప్పకపోవడం మామూలు విషయంగా మారడం వల్లే ఇది కోర్టు దాకా వెళ్లిందన్నది మాత్రం స్పష్టం. పాతబస్తీలో ఉండే నా స్నేహితులకు ఇలా ఆపడం కొత్త కాదు. గచ్చిబౌలిలో ఉండే నా స్నేహితులకు ఇది వార్తల్లో చదివే సంగతి. ఒకే నగరంలో ఒకే చట్టం మీద ఇంత తేడాగా మాట్లాడుకుంటున్నామంటే ఆలోచించాలి.

ఆపడంలో ఇన్ని తంటాలు ఉన్నప్పుడు అసలు ఆపకుండా ఫోటో కొట్టి పంపితే మంచిది కదా అనిపిస్తుంది. మొదట్లో నేనూ ఈ-చలాన్‌ను ఇష్టపడ్డాను. లంచం అడిగే వీలు తగ్గింది, మాటామాటా పెరగడం తగ్గింది. ఇది మామూలు మేలు కాదు. కానీ దానితో వచ్చిన నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. హెల్మెట్ చలాన్ ఏళ్లపాటు 135 రూపాయలుగా వచ్చేది. జరిమానా 100, యూజర్ చార్జీ 35. తప్పు చేసిన రోజు ఎవరూ ఏమీ అనరు. ఎప్పుడో వెబ్‌సైట్ తెరిస్తే వరసగా చలాన్లు, వెనక నుంచి తీసిన ఫోటోలు. ఒక్కోసారి ఆ ఫోటోలో ఉన్నది మన బండే కాదు, మన నంబరు తగిలించుకుని తిరుగుతున్న వేరే బండి. దాన్ని సరిచేయించుకోవడానికి మెయిళ్లు, కంట్రోల్ రూమ్ చుట్టూ తిరుగుళ్లు. డెలివరీ చేసే కుర్రాళ్లకు ఒక రోజు సంపాదనలో ఎంతో కొంత దీనికే పోతుంది. మన ఆర్డర్ అరగంటలో చేరాలన్న తొందర కూడా ఆ చలాన్లలో ఉంది. ఇప్పుడు నంబరు ప్లేటు వంచేవాళ్లు, చివరి అంకెకు మాస్క్ తగిలించేవాళ్లు, చున్నీ వేలాడదీసేవాళ్లు ఎక్కువయ్యారు. హెల్మెట్ పెట్టుకుంటే సరిపోయేదానికి ప్లేటు దాచడం నేర్చుకున్నారు.

2021 ఆగస్టులో కేంద్రం 167ఎ అనే నియమం తెచ్చింది. కెమెరాతో నిఘా ఉన్న రోడ్డుకు ముందే హెచ్చరిక బోర్డులు కనిపించేలా పెట్టాలని, తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలని, చలాన్ తేలేవరకు ఆ రికార్డు దాచి ఉంచాలని అందులో ఉంది. ఆ నియమం రాసినవాళ్ల ఉద్దేశం చూడండి: మనిషి తప్పు చేయకముందే చెప్పాలి, చేస్తే వెంటనే చెప్పాలి. చెట్టు చాటు నుంచి ఫోటో కొట్టడంలో ఈ ఉద్దేశం ఎక్కడుంది?

ఇక రాయితీ గురించి. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద టూవీలర్లకు 75 శాతం, కార్లకు, భారీ వాహనాలకు 50 శాతం తగ్గింపు ఇచ్చారు. 2023 డిసెంబరులో మళ్లీ ఇచ్చారు. ఈసారి టూవీలర్లకు 80 శాతం, ఆర్టీసీ బస్సులకు 90 శాతం, కార్లకు, భారీ వాహనాలకు 60 శాతం. గడువు కూడా పెంచుకుంటూ పోయారు. ఆషాఢం సేల్ కోసం ఆగి చీర కొన్నట్టు జనం చలాన్ కట్టడానికి ఆగడం నేర్చుకున్నారు. వచ్చిన వెంటనే మొత్తం కట్టినవాళ్ల సంగతేంటి? వాళ్ల డబ్బు వెనక్కి ఇవ్వలేదు. రూల్ మీద గౌరవంతో కట్టినవాడు ఎక్కువ కట్టాడు, పట్టించుకోనివాడు తక్కువ కట్టాడు. జరిమానా ప్రాణం కాపాడటానికి వేసింది అయితే అందులో 80 శాతం ఎలా వదులుకుంటారు? పేదవాళ్లు కట్టలేకపోతున్నారంటే జరిమానాను తగ్గించండి, వాయిదాలు ఇవ్వండి, మొదటిసారి హెచ్చరికతో వదలండి. అవన్నీ న్యాయమే. అప్పుడప్పుడూ తలుపులు తెరిచి అగ్గువకు అమ్మడం వల్ల "ఇది డబ్బు కోసమే" అన్న జనం మాటకు ప్రభుత్వమే సాక్ష్యం చెప్పినట్టయింది. పోలీసులకు రోజుకు ఇన్ని కేసులని టార్గెట్ ఉందని ఊరంతా నమ్ముతుంది. అధికారులు లేదంటారు. ఎవరు నిజమో వాదించుకోవడానికి ముందు, జనం ఎందుకు అలా నమ్ముతున్నారో ఈ రాయితీల దగ్గర వెతకొచ్చు.

రోడ్డు సంగతి కూడా చెప్పాలి. 2022 అక్టోబరులో హైదరాబాద్‌లో అడ్డదిడ్డం పార్కింగ్, ఆక్రమణలు తొలగించడానికి ఆపరేషన్ రోప్ మొదలుపెట్టి, స్టాప్ లైన్ దాటితే వంద, ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డం నిలబడితే వెయ్యి అన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ చాలా చౌరస్తాల్లో స్టాప్ లైన్ చెరిగిపోయి ఉంటుంది. చౌరస్తాలు మూసేసి యూటర్న్‌లు పెట్టినచోట ఎదురుగా కనిపించే ఇంటికి కిలోమీటర్లు తిరిగి రావాలి. రాంగ్ రూట్‌లో రావడం తప్పే, దానివల్ల మనుషులు చస్తున్నారు. కానీ గీత గీయనివాడికి, వీధి దీపం వెలిగించనివాడికి, గుంత పూడ్చనివాడికి చలాన్ రాసేవారెవరూ రోడ్డు మీద కనిపించరు. తప్పు ఎప్పుడూ బండి నడిపేవాడి వైపే ఉంటుందన్నట్టు సాగే వ్యవస్థను మనిషి లోపలినుంచి ఒప్పుకోడు.

పోలీసుల వైపు నుంచి చూడకుండా ఈ వ్యాసం రాయడం అన్యాయం. ఏప్రిల్, మే ఎండలో, పొగలో రోజంతా నిలబడటం ఎలాంటిదో ఏసీ గదుల్లో కూర్చుని రాసే మనకు తెలియదు. ఆ కాలుష్యాన్ని గుర్తించే తెలంగాణ ప్రభుత్వం ట్రాఫిక్ సిబ్బందికి జీతంలో 30 శాతం అదనంగా ఇస్తోంది. పక్కన నిలబడే హోంగార్డుది రోజు లెక్క జీతం. ఇక ఆపినవాళ్లు మాట్లాడే తీరు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. "నేనెవరో తెలుసా?" అనేవాడు ఒకడు, కార్పొరేటర్‌కో ఎమ్మెల్యే పీఏకో ఫోన్ కలిపి "మాట్లాడండి" అని చేతిలో పెట్టేవాడు ఇంకొకడు. ప్రెస్ స్టిక్కర్, పోలీస్ స్టిక్కర్ చూపించి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. ఆ ఫోన్ రాగానే వదిలేయాల్సిన కానిస్టేబుల్ మనసులో ఏం జరుగుతుంది? చట్టం పెద్దవాళ్లకు లేదని అతనికి రోజూ రుజువవుతుంది. ఆ ఉక్రోషం తర్వాత వచ్చే స్కూటర్ మీద పడుతుంది. కాబట్టి న్యాయం అడిగే మనం మన ఫోన్లు ముందు ఆపాలి. మన మేనల్లుడిని వదిలేయించుకుంటూ ఊళ్లో అందరికీ ఒకే రూల్ ఉండాలనడం కుదరదు. అలాగే మోటారు వాహనాల చట్టంలోని 210బి సెక్షన్ కూడా అందరికీ తెలియాలి: ఈ చట్టాన్ని అమలు చేసే అధికారం ఉన్నవాళ్లే దాన్ని ఉల్లంఘిస్తే జరిమానా రెట్టింపు. హెల్మెట్ లేకుండా వెళ్లే పోలీసు ఫోటో జనం పెట్టినప్పుడు చలాన్ రాసి ఆ రసీదు చూపించిన సందర్భాలు ఉన్నాయి. అలాంటి ఒక్క రసీదు చేసే మేలు వంద అవగాహన సభలు చేయలేవు.

మర్యాద, కారణం చెప్పడం లాంటివి వినడానికి బాగుంటాయి గానీ పనిచేస్తాయా అని అడిగేవారికి ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ప్రయోగం చెబుతాను. 2009-10లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో పరిశోధకులు, పోలీసులు కలిసి 60 డ్రంక్ డ్రైవ్ తనిఖీలను రెండుగా విడదీశారు. 30 చోట్ల మామూలుగా ఊదించి పంపేశారు. మిగతా 30 చోట్ల పోలీసు కొంచెం ఎక్కువసేపు మాట్లాడాడు. మిమ్మల్ని ప్రత్యేకంగా ఎంచి ఆపలేదు, అందరినీ వరసలోనే ఆపుతున్నాం అని చెప్పాడు. కిందటేడు రోడ్ల మీద ఎంతమంది చనిపోయారో, ఆ కబురు ఇంటికెళ్లి చెప్పడం తమకెంత కష్టమో చెప్పాడు. మీ ప్రాంతంలో పోలీసులు ఏం పట్టించుకోవాలని అడిగాడు. థాంక్స్ చెప్పి పంపాడు. మొత్తం ఒకటిన్నర నిమిషం. ఆ రెండో రకం తనిఖీలో ఆగినవాళ్లకు పోలీసు న్యాయంగా ఉన్నాడన్న భావన, తాగి నడపడం మీద అభిప్రాయం మార్చుకున్నామన్న మాట, మొదటివాళ్లకంటే ఎక్కువగా కనిపించాయి.

ఇదే పద్ధతిని 2013-14లో స్కాట్లాండ్‌లో పెడితే ఫలితం తలకిందులైంది. కొత్త పద్ధతిలో ఆపినవాళ్లకే పోలీసుల మీద నమ్మకం కొంచెం తగ్గింది. ఎందుకని పరిశోధకులే తవ్విచూశారు. పై అధికారులు కింద రోడ్డు మీద పనిచేసేవాళ్లకు సరిగా వివరించకుండా, వాళ్ల అభిప్రాయం అడక్కుండా, కొత్త పద్ధతి పాటించమన్నారు. తమ శాఖలోనే న్యాయం దొరకలేదని అనుకున్న పోలీసు రోడ్డు మీద మనిషికి న్యాయం చేస్తున్నట్టు నటించలేకపోయాడు. మన హోంగార్డుల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ స్కాట్లాండ్ సంగతే గుర్తొస్తుంది. జనంతో మర్యాదగా మాట్లాడమని సర్క్యులర్ పంపడం తేలిక. అతనితో ఎవరైనా మర్యాదగా మాట్లాడుతున్నారా?

మన పిల్లలు వేల సంఖ్యలో చదువుకు వెళ్లే అమెరికాలో ఈ చర్చ ఇంకా తీవ్రం. అక్కడ దిగిన కొత్తలో సీనియర్లు చెప్పే మొదటి జాగ్రత్తల్లో ఇదొకటి: వెనక పోలీసు లైట్లు వెలిగితే కారు పక్కకు ఆపు, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టు, మన ఊళ్లోలాగా కాగితాలు పట్టుకుని కారు దిగి ఎదురెళ్లకు. 2016 జూలైలో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతి యువకుడిని కారు ఆపి కాగితాలు అడిగిన పోలీసు కాల్చి చంపాడు. అంతకుముందు 13 ఏళ్లలో అతన్ని కనీసం 46 సార్లు ఆపారని రికార్డుల్లో తేలింది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు దేశమంతటా దాదాపు 10 కోట్ల ట్రాఫిక్ స్టాప్‌ల రికార్డులు పోగుచేసి 2020లో ఫలితాలు ప్రచురించారు. చీకటి పడ్డాక, డ్రైవర్ రంగు బయటికి కనిపించని వేళ, ఆపినవాళ్లలో నల్లవాళ్ల వాటా తగ్గుతోందని అందులో తేలింది. 2021లో ఫిలడెల్ఫియా నగరం ఒక చట్టం చేసింది: ఒక లైటు వెలగకపోవడం లాంటి చిన్న కారణాలకు బండి ఆపకూడదని. మన సమస్య వాళ్ల సమస్య ఒకటి కాదు. మన దగ్గర రంగుకు బదులు బండి ధర, బట్టలు, పేట, మతం చూస్తారన్న అనుమానం ఉంది. కానీ అక్కడ అనుమానం అంకెగా మారింది కాబట్టి వాదన ముందుకు కదిలింది. ఇక్కడ "టూవీలర్లనే ఆపుతారు" అని నేనంటాను, "అందరినీ ఆపుతాం" అని అధికారి అంటారు, ఇద్దరి దగ్గరా లెక్క లేదు.

అందుకే నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఆపినచోట ఒక బోర్డు పెట్టండి: ఈ రోజు ఇక్కడ దేనికోసం చూస్తున్నాం. హెల్మెట్ అయితే హెల్మెట్, ఇన్సూరెన్స్ అయితే ఇన్సూరెన్స్. డ్రంక్ అండ్ డ్రైవ్‌లాగే వరసగా ప్రతి బండీ, లేదా ప్రతి పదో బండీ ఆపండి. కారూ లెక్కలోకి రావాలి. ఆపగానే మొదటి వాక్యం కారణం కావాలి, తాళం జోలికి పోవద్దు. ఒంటిమీది కెమెరా ఆన్‌లో ఉండాలి, అది పోలీసును కూడా అబద్ధపు ఫిర్యాదు నుంచి కాపాడుతుంది. రాయితీ మేళాలు ఇక వద్దు.

ఇవన్నీ చేశారో లేదో తెలియాలంటే నెలనెలా ఒక లెక్క బయటపెట్టాలి. ఏ స్టేషన్ పరిధిలో ఎన్ని బండ్లు ఆపారు, అందులో టూవీలర్లెన్ని, కార్లెన్ని, ఏ సెక్షన్ కింద ఎన్ని కేసులు, ఆపి కేసు లేకుండా పంపినవి ఎన్ని, తప్పుడు చలాన్ అని రద్దు చేసినవి ఎన్ని. ఇందులో ఆపి వదిలేసిన బండ్ల సంఖ్య ఒక్కటే కొత్తగా రాసుకోవాలి. రాసిన ప్రతి చలాన్‌కూ తేదీ, చోటు, వాహనం రకం, సెక్షన్ ఈ-చలాన్ సర్వర్‌లో ఇప్పటికే ఉన్నాయి. యజమానుల పేర్లు, నంబర్లు తీసేసి ఆ పట్టికను వెబ్‌సైట్‌లో పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. కమిషనర్ సంతకం చాలు.